తాతగారి 320 బోరు రివాల్వరుకు తూటాలు ఇంట్లో తయారుచేసుకోవచ్చా?

ప్రశ్న (లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మా తాతగారు ఉత్తరాంధ్రలోని ఒక ఎస్టేటు కచేరీలో పనిచేసేవారు. ఆయన దగ్గరున్న చిన్న రివాల్వరు మొదట నాన్నగారి పేరు మీదికి వచ్చింది, నాన్నగారు కాలం చేశాక వారసత్వం కింద నా లైసెన్సులో చేరింది. లైసెన్సు సక్రమంగా ఉంది, యూఐఎన్ (లైసెన్సుదారుకు ఇచ్చే ప్రత్యేక గుర్తింపు) నంబరు కూడా వచ్చింది. అరచేతిలో ఇమిడేంత తుపాకీ అది. ఐదు తూటాలు పడతాయి, సిలిండరు పక్కకు తెరుచుకోదు, కుడివైపునున్న చిన్న తలుపు తీసి ఒక్కొక్క తూటా లోపలికి తోయాలి. బ్యారెల్ మీద 320 అన్న అంకె తప్ప కంపెనీ పేరు కనబడదు. దానితోపాటు ఒక అట్టపెట్టెలో పాత తూటాలు కొన్ని ఉన్నాయి, వాటి ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము పట్టింది.

నగరంలోని ఆయుధాల దుకాణంలో అడిగితే ఈ బోరు తూటాలు ఇప్పుడు రావని, కాన్పూరులో తయారయ్యే 32 బోరు రివాల్వరుకు వేసే తూటాలే దొరుకుతాయని చెప్పారు. ఈలోగా అమెరికాలో కొందరు ఇలాంటి పాత రివాల్వర్లకు ఇంట్లోనే తూటాలు తయారుచేసుకుంటున్న వీడియోలు చూశాను. ఖాళీ ఇత్తడి కేసును సరిచేసి, కొత్త ప్రైమరు (దెబ్బ తగలగానే మందును అంటించే చిన్న మూత) ఎక్కించి, తుపాకీమందు పోసి, సీసపు గుండు బిగిస్తున్నారు. పనిముట్లు చూస్తే పెద్ద పట్టకారుల్లాగానే ఉన్నాయి. మన దగ్గర ఒక ఔత్సాహికుడు ఇలా చేసుకోవడానికి వీలుందా? లేకపోతే కాన్పూరు తూటానే ఇందులో వాడవచ్చా? కనీసం ఒక్కసారైనా తాతగారి తుపాకీ పేలిన శబ్దం వినాలని నా కోరిక. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

మొదటి జవాబు (పాత ఆయుధాల చరిత్ర మీద ఆసక్తి ఉన్న ఒక రిటైర్డ్ మెకానికల్ ఇంజనీరు, సీతమ్మధార)

ముందు రెండో ప్రశ్నకు జవాబిస్తాను, ఎందుకంటే ప్రమాదం ఎక్కువగా ఉన్నది అక్కడే. కాన్పూరు 32 తూటాను మీ రివాల్వరులో పెట్టే ప్రయత్నం దయచేసి చేయకండి. అంకెలు దగ్గరగా ఉన్నంత మాత్రాన తూటాలు ఒకటి కావు.

320 తూటా 1870 ప్రాంతంలో ఇంగ్లండులో వచ్చింది. దాని సీసపు గుండు, ఇత్తడి కేసు బయటికి ఒకే మందంగా ఉంటాయి. గుండు వెనుక భాగాన్ని మాత్రం కాస్త సన్నగా చెక్కి కేసులోకి దించుతారు. ఈ రకం గుండు ఈ రోజుల్లో విరివిగా కనబడేది 22 బోరు తూటాలో మాత్రమే. కాన్పూరు రివాల్వరుకు వాడేది 32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, అది 1896 నాటిది. అందులో గుండు మొత్తం కేసు లోపల కూర్చుంటుంది, కాబట్టి కేసే లావుగా ఉంటుంది. కేసుల వ్యాసంలో తేడా అర మిల్లీమీటరు కూడా ఉండదు, అయినా సక్రమంగా ఉన్న 320 చాంబరులోకి (సిలిండరులో తూటా కూర్చునే రంధ్రంలోకి) అది దూరదు. ఇక్కడే కొందరు "చాంబర్లు కొంచెం తొలిపిస్తే సరిపోతుంది కదా" అనుకుంటారు. చిన్న సిలిండరులో ఒక చాంబరుకూ మరో చాంబరుకూ మధ్య ఉండే గోడ అసలే పలచన. దాన్ని ఇంకా పలచన చేసి, అంతకన్నా శక్తిమంతమైన తూటా పెడితే సిలిండరు చేతిలోనే చీలిపోవచ్చు.

ఇందులో మందు సంగతి కూడా ఉంది. పొగరాని మందును ఫ్రాన్సులో పాల్ వియే 1884లో తయారుచేశాడు. అంటే 320 తూటా పుట్టినప్పుడు రివాల్వరు తూటాల్లో వాడుతున్నది నల్ల తుపాకీమందే, ఆనాటి ఇనుమును, సిలిండరు మందాన్ని దాని ఒత్తిడికి తగ్గట్టే నిర్ణయించారు. నల్లమందు అనకుండా నల్ల తుపాకీమందు అని పూర్తిగా రాస్తున్నాను, చదివేవారికి పొరపాటు అర్థం రాకూడదని. ఆ మందు కేసు నిండా పడుతుంది, కాబట్టి పొరపాటున రెండింతలు పోయడానికి కేసులో చోటే ఉండదు. పొగరాని మందు అదే పనిని కేసు అడుగున చిటికెడుతో చేస్తుంది. ఒకసారి పోసింది మరచి రెండోసారి పోసినా గుండు మామూలుగానే బిగుస్తుంది, బయటి నుంచి చూసి కనిపెట్టడం అసాధ్యం. ఇంట్లో తూటాలు చేసుకునే దేశాలలో అనుభవజ్ఞులు సైతం అత్యంత భయపడేది ఈ పొరపాటుకే. పైగా వెనుక సన్నగా చెక్కిన గుండును బిగించడానికి మామూలు డైలు (తూటాను ఒత్తి ఆకారానికి తెచ్చే అచ్చులు) పనికిరావు, ప్రత్యేకమైనవి కావాలి. వీడియోలో పట్టకారు పనిలా కనిపించేది నిజానికి కొలతల పని.

మీరు ఒక పని చేయండి. దుకాణదారుని దగ్గర తుపాకీ ఖాళీగా ఉందని నిర్ధారించుకుని, సిలిండరు మీద, బ్యారెల్ మొదట్లో భూతద్దంతో చూడండి. కోడిగుడ్డు ఆకారపు గీత లోపల ఈఎల్‌జీ అనే ఇంగ్లీషు అక్షరాలు, వాటి కింద నక్షత్రం ఉంటే అది బెల్జియంలోని లీఎజ్ నగరపు పరీక్షాశాల ముద్ర. ఆ గీత మీద కిరీటం కూడా ఉంటే 1893 తర్వాతిది. సింహం బొమ్మ కింద పీవీ అనే అక్షరాలు కూడా ఉంటేనే దాన్ని పొగరాని మందుతో పరీక్షించారని అర్థం. బర్మింగ్‌హామ్ తుపాకీ అయితే 1904 తర్వాత కిరీటం కింద ఎన్‌పీ అనే అక్షరాలు కొట్టేవారు. మీ వర్ణనను బట్టి అది వెబ్లీ కంపెనీ 1872లో తెచ్చిన బుల్‌డాగ్ రివాల్వరుకు బెల్జియంలో చేసిన చిన్న నకలు కావచ్చునని నా అంచనా. ఆ రోజుల్లో లీఎజ్ పనివారు ఇలాంటివి పెద్ద సంఖ్యలో చేసి ప్రపంచమంతా అమ్మారు.

రెండో జవాబు (న్యాయవాది, మహారాణిపేట)

సాంకేతిక విషయాలు పైన పెద్దాయన చెప్పారు. నేను చట్టం వరకు చెబుతాను, ఇది తేలికగా తీసుకునే విషయం కాదు కాబట్టి కొంచెం కఠినంగానే చెబుతాను.

మీ దగ్గరున్న లైసెన్సు 1959 ఆయుధాల చట్టం మూడో సెక్షను కింద ఆయుధాన్ని, తూటాలను కలిగి ఉండటానికి ఇచ్చినది. తూటాలు తయారుచేయడం, ఆయుధాన్ని మార్చడం, బాగుచేయడం, పరీక్షించడం ఐదో సెక్షను కిందికి వస్తాయి, దానికి లైసెన్సు వేరు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. చాంబర్లు తొలిపించడం కూడా ఇదే సెక్షను పరిధిలోనిదే. ఐదో సెక్షనును ఉల్లంఘించి తూటాలు తయారుచేస్తే 25వ సెక్షను కింద శిక్ష ఉంటుంది. 2019 సవరణ తర్వాత అది కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. అమ్మకానికి చేశారా, సొంత సరదాకు చేశారా అన్న తేడా ఆ మాటల్లో లేదు.

చాలామందికి తెలియని సంగతి మరొకటి ఉంది. చట్టంలో "తూటాలు" అన్న నిర్వచనంలోకి పూర్తయిన తూటాలే కాక వాటి భాగాలు, వాటిని తయారుచేసే యంత్ర సామగ్రి కూడా వస్తాయి. అంటే విదేశీ వెబ్‌సైటులో డైలు, ప్రైమర్లు కొని తెప్పించుకోవడం మొదటి అడుగులోనే నేరమవుతుంది. తుపాకీమందు విషయంలో 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం వేరుగా వర్తిస్తుంది.

మీరు చూసిన వీడియోలు వాళ్ల దేశంలో తప్పు కాకపోవచ్చు. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు, 1898కి తర్వాత తయారుకాని పాత తుపాకులను 1968 చట్టం మామూలు తుపాకులుగా లెక్కించదు. మనకు అటువంటి ఏడాది గీత లేదు. 45వ సెక్షనులో పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఉన్న మాట నిజమే, కానీ మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా పనిచేయలేని స్థితిలో ఉన్నవాటికే అది. మీ రివాల్వరు ట్రిగ్గరు నొక్కితే పనిచేస్తుంది కాబట్టి వందేళ్లు దాటినా లైసెన్సు కావలసిందే, ఎన్నికల వేళ డిపాజిట్ చేయమని నోటీసు వస్తే డిపాజిట్ చేయవలసిందే.

పెట్టెలోని పాత తూటాల విషయం మీరు మామూలుగా రాశారు గాని, నా దృష్టిలో ముందుగా తేల్చుకోవలసింది అదే. అవి మీ లైసెన్సు పుస్తకంలో నమోదై ఉన్నాయా? నమోదై ఉంటే లెక్క సరిపోయిందో లేదో చూసుకోండి. లేకపోతే వాటిని మీ అంతట మీరు తీసుకుని స్టేషనుకు బయల్దేరకుండా, ముందు లైసెన్సు జారీ చేసిన అధికారికి రాతపూర్వకంగా తెలియజేసి, ఎక్కడ అప్పగించాలో అడగండి. ఆ కాగితం మీద రసీదు తప్పక తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. దుకాణంలో వారి సమక్షంలోనే భూతద్దంతో చూశాను. సిలిండరు మీద కోడిగుడ్డు గీత, లోపల ఈఎల్‌జీ, కింద నక్షత్రం స్పష్టంగా ఉన్నాయి. గీత పైన కిరీటం లేదు. సింహం బొమ్మ ఎక్కడా లేదు. తూటాలు నాన్నగారి పాత పుస్తకంలో ఉన్నాయి గాని నా పుస్తకంలోకి ఎక్కలేదు, ఉత్తరం రాస్తున్నాను. ఆ చిలుమును ఇత్తడి పాలిష్‌తో తుడిచి అప్పగిస్తే మర్యాదగా ఉంటుందా? రివాల్వరును ఎలా కాపాడుకోవాలో కూడా చెబితే మేలు. మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర.

మూడో జవాబు (మ్యూజియం వస్తువుల సంరక్షణలో పనిచేసినవారు, పెదవాల్తేరు)

పాలిష్ వద్దండి, తూటాలను అసలు తాకకండి. ఇత్తడి పాలిష్‌లలో చాలావాటిలో అమ్మోనియా ఉంటుంది. బ్రిటిషు కాలంలో మన దేశంలోని సైన్యపు తూటాలు వానాకాలం గడిచేసరికి మందు పేల్చకుండానే పగుళ్లు విచ్చేవి. గుర్రపుశాలల దగ్గర నిల్వ చేసినవాటికి ఆ బెడద మరీ ఎక్కువ. ఇత్తడిని సాగదీసి కేసు చేసినప్పుడు లోపల మిగిలిపోయే ఒత్తిడి, గాలిలోని తేమ, పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా కలిసి లోహాన్ని చీలుస్తాయని 1921లో పరిశోధకులు వివరించారు. వందేళ్ల ఇత్తడికి మీరు అమ్మోనియా పూస్తే అదే పని చేసినట్టవుతుంది. పాత ప్రైమర్లలో పాదరసపు ఫల్మినేట్ ఉండవచ్చు, అది దెబ్బకు స్పందించే పదార్థం. తూటాలను ఊడదీయడం, గీకడం, నూనెలో నానబెట్టడం వంటివి చేయకుండా ఉన్న పెట్టెలోనే ఉంచి, కదిలించవలసి వస్తే అధికారి చెప్పిన ప్రకారమే చేయండి.

రివాల్వరు గురించి. మీరు చెప్పిన ముద్రలను బట్టి అది 1893కు ముందుది, పొగరాని మందుతో పరీక్షించనిది. పేల్చే ఆలోచన మానుకుని, వస్తువుగా దాన్ని నిలబెట్టడం మీద దృష్టి పెట్టండి. తోలు ఒరలో ఉంచి ఉంటే ఈ రోజే బయటకు తీయండి. తోలు శుద్ధికి వాడే రసాయనాలు, అది పీల్చుకునే తేమ కలిసి ఉక్కును తినేస్తాయి, ఒర ఆకారంలోనే తుప్పు మచ్చలు పడతాయి. చేతి చెమటలో ఉప్పు ఉంటుంది గనుక పలుచని నూలు చేతితొడుగులతో పట్టుకోండి. బ్యారెల్ లోపల బూడిదరంగు పొర కనిపిస్తే అది పాత ప్రైమరు వదిలిన ఉప్పు కావచ్చు. అది నూనెలో కరగదు, నీటిలోనే కరుగుతుంది, కాబట్టి తుప్పు మీద నూనె పూసి ఊరుకుంటే కింద తుప్పు సాగుతూనే ఉంటుంది. ఆ శుభ్రం లైసెన్సున్న గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివారు) చేత చేయించండి. పైభాగానికి చాలా పలుచగా తుపాకీ నూనె గాని, మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం గాని సరిపోతుంది. మెరుపు కోసం గరుకు కాగితం పెట్టనివ్వకండి, పెడితే మొదట పోయేవి మీరు భూతద్దంలో చూసిన ఆ ముద్రలే.

మన బీచ్ రోడ్డు గాలిలో బీరువా తలుపుల కీళ్లే తుప్పు పడతాయి. తాళం వేసే ఇనుప పెట్టెలో సిలికా జెల్ సంచులు ఉంచి, వాటి రంగు మారినప్పుడల్లా ఎండబెట్టి మళ్లీ పెట్టండి. వర్షాకాలంలో నెలకోసారైనా తీసి చూడాలి.

శబ్దం వినాలన్న కోరిక నాకు అర్థమవుతుంది, కానీ అది ఈ తుపాకీతో తీరేది కాదు. కాల్పులు నేర్చుకోవాలని ఉంటే లైసెన్సున్న రైఫిల్ క్లబ్బులో 22 బోరుతో మొదలుపెట్టవచ్చు. సొంతంగా కాన్పూరు 32 కావాలంటే 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు ఆయుధాలే పరిమితి, ఈ వారసత్వపు రివాల్వరు కూడా ఆ రెండింటిలో ఒకటిగానే లెక్కకు వస్తుంది. మీ తర్వాత ఇంట్లో దీన్ని తీసుకోవడానికి ఎవరూ ముందుకు రాకపోతే, లైసెన్సు అధికారి అనుమతితో మ్యూజియానికి ఇచ్చే అవకాశం గురించి ఇప్పుడే రాసి పెట్టుకోండి. తాతగారి పేరు, ఆయన ఏ ఎస్టేటులో పనిచేశారో, తుపాకీ ఆయన చేతికి ఎలా వచ్చిందో తెలిసినంత మేరకు ఒక కాగితం మీద రాసి పాత లైసెన్సు పుస్తకంతోపాటు భద్రపరచండి. ఆ వివరాలు లేకుండా వచ్చిన తుపాకీకి మ్యూజియం ఒక లైను పరిచయం మాత్రమే రాయగలుగుతుంది.

రెండో జవాబు ఇచ్చినవారు

ఉత్తరంలో తూటాల సంఖ్యతోపాటు నాన్నగారి లైసెన్సు నంబరు, అవి నమోదైన పేజీ వివరాలు కూడా రాసి, ఆ పేజీ నకలు జత చేయండి. మీ దగ్గరికి ఎలా వచ్చాయో అధికారికి అక్కడే తెలిసిపోతుంది.