6/8 బీట్‌లో స్నేర్ రోల్ మిషన్ గన్‌లా వినిపిస్తోంది, ఏం చేయాలి?

నమస్తే. డ్రమ్మర్ లేకుండా, రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మిడి నోట్లతో (శాంపిళ్లను, అంటే రికార్డ్ చేసిన దెబ్బలను, మోగించే డిజిటల్ సూచనలు) ఒక జానపద బాణీకి 6/8 బీట్ కడుతున్నాను. టెంపో నిమిషానికి 144 క్వార్టర్ నోట్లు, అంటే ఒక్కో ఎయిత్ నోట్ దాదాపు 208 మిల్లీసెకన్లు. కిక్ అనే పెద్ద డ్రమ్ (మిడి నోట్ నంబర్ 36) ఒకటో ఎయిత్ మీద, స్నేర్ డ్రమ్ (38) నాలుగో దాని మీద. క్లోజ్డ్ హైహ్యాట్ అనే మూసిన తాళాల జత (42) వెలాసిటీలు, అంటే దెబ్బ బలం అంకెలు, మూడేసి చొప్పున 100, 62, 74. ఇంతవరకు బీట్ బాగానే ఊగుతోంది.

చిక్కంతా చరణానికి ముందు వచ్చే స్నేర్ రోల్‌తోనే, అంటే వరసగా పడే వేగమైన దెబ్బలతోనే. సిక్స్‌టీంత్‌లలో, అంటే 104 మిల్లీసెకన్లకో దెబ్బ. వెలాసిటీని 55 నుంచి 110 దాకా పెంచుకుంటూ పోయినా అదే శాంపిల్ మళ్లీ మళ్లీ మోగుతున్నట్టు తెలిసిపోతోంది. నా శాంపిల్ కిట్‌లో స్నేర్‌కు రెండే లేయర్లు (బలాన్ని బట్టి మారే రికార్డింగులు), రౌండ్ రాబిన్ (ఒకే బలం దెబ్బకు వేర్వేరు రికార్డింగులను మార్చి మార్చి మోగించడం) లేదు. వెలాసిటీ 30 దగ్గర పెట్టిన ఘోస్ట్ నోట్లు (మధ్యలో వచ్చే మెల్లటి స్నేర్ దెబ్బలు) కూడా మెల్లగా కొట్టినట్టు లేవు, గట్టి దెబ్బకే వాల్యూమ్ తగ్గించినట్టున్నాయి.

టైమింగ్‌ను మొత్తం 15 టిక్కులు (మిడి కాలాన్ని కొలిచే చిన్న ముక్కలు) అటూ ఇటూ రాండమ్ చేస్తే కిక్, బేస్ గిటార్ కలవాల్సిన చోట విడిపోయి కింది స్థాయి ధ్వని పలచబడుతోంది. కిక్‌ను గ్రిడ్ (సాఫ్ట్‌వేర్‌లోని కచ్చితమైన తాళం గీతలు) మీదే ఉంచి హ్యాట్‌ను, ఘోస్ట్ నోట్లను మాత్రమే కదపడం సరైన పద్ధతేనా? స్నేర్‌ను 8 మిల్లీసెకన్లు వెనక్కి జరిపితే ఈ టెంపోలో నప్పుతుందా, ఈడ్చినట్టుంటుందా?

కుడి, ఎడమ చేతి దెబ్బలు విడివిడిగా రికార్డ్ చేసిన ఉచిత స్నేర్ కిట్ ఏదైనా తెలిస్తే దయచేసి చెప్పండి.