“వివరింపదగున్” అంటే ఎవరికి వివరించాలి?

నర్సింగ్ ట్యూటర్, ఏలూరు
అందరికీ నమస్కారం. బీఎస్సీ నర్సింగ్ పిల్లలకి రీసెర్చ్ పాఠం చెబుతున్నాను. పేషెంట్‌తో ఇంటర్వ్యూ ఎలా చెయ్యాలో మొదలుపెట్టే ముందు “వినదగు నెవ్వరు చెప్పిన” అనే సుమతి పద్యం గుర్తొచ్చి “వినినంతనె వేగపడక విచారింపదగున్” అని బోర్డు మీద రాశాను. వెనక బెంచీ అమ్మాయి లేచి “మేడమ్, అది వివరింపదగున్” అంది. ఇంకో అమ్మాయి “అయితే విన్నదాన్ని మన మాటల్లో వివరించి రాయాలా?” అని అడిగింది. అక్కడే ఆగిపోయాను.

నేను చెప్పేది దానికి పూర్తిగా ఎదురు. మొన్న ప్రాక్టీసు షీట్లు దిద్దుతుంటే ఒకదాంట్లో “రోగికి ఆకలి మందగించింది” అని ఉంది. ఆవిడ నిజంగా ఏమందమ్మా అని అడిగితే, “అన్నం కంచం చూస్తే మొహం తిప్పుకోబుద్ధేస్తోంది అంది మేడమ్” అన్నారు. ఆకలి లేకపోవడం వేరు, అన్నం మీద వెగటు వేరు. ఆ మాట పోయాక ఇంటర్వ్యూలో మిగిలిందేమిటి? పద్యం కూడా “వివరించు” అంటుంటే పిల్లలకి ఏం చెప్పను? విచారింపా, వివరింపా?

తెలుగు మాస్టారు, తెనాలి
వివరింపే, అనుమానం లేదు. కందం రెండో పాదంలో చివరి రెండు గణాలకీ కలిపి ఎనిమిది మాత్రలు. విచారింపదగున్ అంటే తొమ్మిదవుతాయి. “విచారిం” యగణం (ఒక లఘువు, రెండు గురువులు, మొత్తం ఐదు మాత్రలు), కందంలో దానికి చోటు లేదు. యతి “వి”కి “వి” ఎలాగూ కుదురుతుంది కాబట్టి చెవికి తేడా తెలియదు. చాలామంది పొరపడే చోటే ఇది.

నర్సింగ్ ట్యూటర్, ఏలూరు
ధన్యవాదాలు మాస్టారూ. పద్యంలో మాట ఏదో తేలింది, అర్థం తేలలేదు.

నిఘంటువుల మనిషి, సికింద్రాబాద్
అర్థం ధాతువులోనే ఉందండీ. సంస్కృతంలో వివరం అంటే రంధ్రం, బిలం. కర్ణవివరం అంటాం కదా. వివృతం అంటే తెరిచినది. వివరించడం అంటే మూసి ఉన్నదాన్ని తెరవడం. ఎదుటివాడికి చెప్పడం తర్వాత వచ్చిన అర్థం. వినగానే తొందరపడకు, విన్నదాన్ని విప్పి చూడు అన్నది పద్యం మాట. మీ పిల్లలకి ఇది చాలు.

తెలుగు మాస్టారు, తెనాలి
రంధ్రం దాకా పోనక్కర్లేదు. “వివరం కనుక్కో”, “వివరం తెలిసిన మనిషి” అని రోజూ అంటున్నాం. వివరాలు వేరు చేసి చూసుకోవడమే వివరించడం. కవి తన కాలపు తెలుగు రాశాడు, ధాతుపాఠం దగ్గర పెట్టుకుని కాదు.

వార్డు సిస్టర్, విశాఖ
నాకు విప్పి చూడడమే నచ్చింది మాస్టారూ, ఏమీ అనుకోకండి. సర్జికల్ వార్డులో డ్యూటీ తీసుకునేటప్పుడు “డ్రెస్సింగ్ పొడిగా ఉంది” అని చెప్తారు. పైన గాజుగుడ్డ నిజంగానే పొడిగా ఉంటుంది. ఒకసారి అలాగే విని ఊరుకోబోయి, ఎందుకో అంచు లేపి చూశాను. లోపలి పొర పసుపుపచ్చగా తడిసి ఉంది, వాసన మొదలైంది. నాకు చెప్పినావిడ అబద్ధమాడలేదు, చూసినంతవరకే చెప్పింది. వినాలి, నమ్మాలి, కట్టు కూడా విప్పాలి. నేనైతే వివరింపదగున్ అంటే ఇదే అనుకుంటాను.

సోషియాలజీ స్కాలర్, హైదరాబాద్
అందరూ వివరింప దగ్గరే ఆగిపోయారు. అసలు మాట మూడో పాదంలో ఉంది. “కనికల్ల నిజము దెలిసిన”. బడిలో కలిపి చదివించడం వల్ల “కనికల్ల” అనే ఒక మాట ఉందనుకుంటూ పెరిగాం. అది కని, కల్ల, నిజము. కని అంటే చూసి. మొదటి పాదంలో వినికిడి, మూడో పాదంలో చూపు. ఇంటర్వ్యూ ఒక్కటే చాలదు, పరిశీలన కూడా కావాలని కవే అన్నాడు.

ట్యూటర్ గారికి పనికొచ్చే ఉదాహరణ ఒకటి. 1960లలో బార్నీ గ్లేజర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ అనే సోషియాలజిస్టులు శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఆసుపత్రుల్లో చావుకి దగ్గరపడిన రోగుల మధ్య పనిచేశారు. జీన్ క్వింట్ అనే నర్సు కూడా ఆ బృందంలో ఉన్నారు. ముందే సిద్ధాంతం పట్టుకుని వెళ్లకుండా, విన్నదాన్నీ చూసిందాన్నీ పోల్చుకుంటూ సిద్ధాంతాన్ని కింది నుంచి కట్టుకొచ్చారు. గ్రౌండెడ్ థియరీ అక్కడే పుట్టింది. 1967లో ఆ పద్ధతిని పుస్తకంగా పెట్టారు.

రోగికి తెలుసు, ఇంట్లోవాళ్లకి తెలుసు, తెలియనట్టే ఇద్దరూ మసులుకుంటారు. ఈ స్థితికి వాళ్లు ప్రత్యేకంగా పేరు పెట్టారు. మా పెద్దనాన్న విషయంలో నేను దగ్గరుండి చూశాను. “ఆయనకి చెప్పకండమ్మా” అని మా పెద్దమ్మ అందర్నీ బతిమాలింది. ఆయన్ని అడిగితే “గ్యాస్ అన్నార్రా” అనేవారు. అదే రోజు సాయంత్రం పొలం పాస్‌బుక్ తెప్పించుకుని దిండు కింద పెట్టుకున్నారు. అడిగితే వచ్చేది గ్యాస్. చూస్తే కనబడేది పాస్‌బుక్. అందుకే “కని”.

నర్సింగ్ ట్యూటర్, ఏలూరు
చదువుతుంటే గొంతు పట్టేసిందమ్మా. మా వార్డుల్లో రోజూ చూసేదే ఇది.

ఒక్క చిన్న మాట. “కని” అంటే చూసి అని తేల్చేయగలమా? “ఆవిడ ఎలా ఉందో కనుక్కుని రా” అంటే మనం వెళ్లి అడిగి వస్తాం. కనుక్కోవడంలో కన్ను ఉంది, చేసేది మాత్రం నోటితో, చెవితో. తెలుసుకోవడం మొత్తానికి తెలుగువాళ్లు “కను” అన్నారేమో.

తెలుగు మాస్టారు, తెనాలి
బాగా పట్టుకున్నావమ్మా. కనుగొను, కనిపెట్టు, కనుక్కొను, అన్నీ తెలుసుకోవడమే. “కని” అంటే తెలుసుకుని అనే అన్వయించాలి.

సోషియాలజీ స్కాలర్, హైదరాబాద్
అలాగైతే వెంటనే “దెలిసిన” ఎందుకండీ? తెలుసుకుని తెలిసిన అంటే పునరుక్తి. చూసి తెలిసిన అంటేనే పదానికి పని ఉంటుంది.

వేమన పక్షం, కడప
పద్ధతి గురించి అయితే సుమతి కంటే వేమన్న దగ్గరికి వెళ్లాలి. “ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు, చూడ చూడ రుచుల జాడ వేరు.” పదిమందిని నిలబెట్టి ఉప్పూ కర్పూరమూ చూపించండి. పదిమందీ ఒకటే అంటారు. రేపు అడిగినా అదే జవాబు. విశ్వసనీయత (ఎన్నిసార్లు కొలిచినా ఒకే ఫలితం రావడం) నూటికి నూరు, సప్రమాణత (కొలవాల్సినదాన్నే కొలవడం) సున్నా. కంటితో కొలవాల్సింది కాదు అది, నాలుకతో కొలవాలి. బీఈడీలో ఈ రెండు మాటలూ బట్టీ పట్టాను, అర్థమైంది మాత్రం ఈ పద్యం దగ్గరే.

వేమన్న పద్యాలు దొరికిన తీరూ పరిశోధనే. బ్రౌన్ దొర ఒక్క ప్రతిని నమ్ముకోలేదు. ఊళ్లలోంచి రాతప్రతులు తెప్పించి, పాఠాలు పక్కపక్కన పెట్టి చూసి 1829లో అచ్చువేశాడు.

నిఘంటువుల మనిషి, సికింద్రాబాద్
“చూడ చూడ” అంటే చూసేకొద్దీ అని కదా. పదేపదే చూస్తే తేడా తెలుస్తుందని వేమన్న అంటుంటే, చూస్తే తెలియదని మీరంటున్నారు.

వేమన పక్షం, కడప
“చూడ” అంటే పరీక్షించడం. “రుచి చూడు” అనమా? నాలుకతో చేసే పనికి కూడా చూపు మాటే వాడతాం. రెండో “చూడ” నాలుకది.

వార్డు సిస్టర్, విశాఖ
రుచి మాట వచ్చింది కాబట్టి నొప్పి మాట కూడా చెప్తాను. సున్నా నుంచి పది దాకా ఎంతుంది అని అడుగుతాం. ఒక ముసలమ్మ “అంకె కాదు తల్లీ, ఇది పోటు కాదు, సలుపు” అంది. నొప్పిని అంకెతో కాక మాటలతో కొలవాలని రొనాల్డ్ మెల్జాక్ 1975లో 78 మాటలతో ప్రశ్నావళి చేశారు. అలాంటిది తెలుగులో పెడదామని మేం కొందరం కూర్చున్నాం. ఒకరు తెలుగు నుంచి ఇంగ్లీషుకి మార్చాలి, మొదటి తెలుగు చూడని ఇంకొకరు మళ్లీ తెలుగుకి మార్చాలి. “సలుపు” ఇంగ్లీషులోకి వెళ్లి “పోటు”గా తిరిగొచ్చింది. “తీపు” అయితే తిరిగే రాలేదు, “లాగుడు” వచ్చింది. రాత్రంతా కాళ్లు తీపులు పెట్టిన మనిషికి లాగుడు అంటే సరిపోతుందా?

తెలుగు మాస్టారు, తెనాలి
పోటు పొడుచు నుంచి వచ్చింది, కత్తిపోటులాగ. ఉండుండి పొడవాలి. సలుపు ఆగదు, లోపల కొట్టుకుంటూనే ఉంటుంది. గోరుచుట్టు సలుపుతుంది, పోటు పెట్టదు.

వేమన పక్షం, కడప
మా ఇంట్లో గోరుచుట్టుకి రెండూ అంటాం.

నర్సింగ్ ట్యూటర్, ఏలూరు
సిస్టర్ గారూ, ఆ మాటల పట్టిక నాకు పంపగలరా? రేపు పదకొండింటికి క్లాసు. “వివరింపదగున్” అని సరిగ్గా రాసి, పక్కన ఆ అమ్మాయి షీటు మీది “అన్నం కంచం చూస్తే” అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తాను. వివరించు అంటే విప్పడమా, వేరు చేయడమా అన్నది పిల్లల్నే అడుగుతాను.

తెలుగు మాస్టారు, తెనాలి
వేరు చేయడమే అని చెప్పమ్మా. “కని” సంగతి స్కాలర్ గారికి వదిలేస్తాను, పునరుక్తి మాట నిజమే. “వివరింప” మాత్రం వదలను.