గేరు పాలిషరా, స్వేచ్ఛగా తిరిగేదా?

మాది శ్రీకాకుళం. ఏడేళ్ల నల్ల కారు. బోరు నీటి మరకలు, పొడిగుడ్డతో దుమ్ము తుడిచిన పాపానికి సాలెగూడు లాంటి గీతలు; అరసవల్లి ఎండలో నిలిపితే అన్నీ బయటపడతాయి. కిందటేడు ఒక దుకాణంలో రోటరీ మిషనుతో (ప్యాడు ఒకే ఇరుసు మీద గుండ్రంగా తిరిగేది) మెరుగు పెట్టించాను. గీతలు పోయి సుడుల నీడలు వచ్చాయి! అందుకే ఈసారి నేనే రుద్దుకుందామని డ్యూయల్ యాక్షన్ పాలిషర్ (ప్యాడు తిరుగుతూనే చిన్న వలయంలో ఊగే మిషను) కొనబోతున్నాను.

తేలనిది రకం దగ్గరే. స్వేచ్ఛగా తిరిగే, ఊగే వలయం 15 మిల్లీమీటర్లు ఉండేది కాస్త గట్టిగా నొక్కినా, తలుపు వంపు మీద పెట్టినా తిరగడం మానేసి ఊరికే వణుకుతుందట. గేరుతో నడిచే 8 మిల్లీమీటర్లది ఆగదు, కోత (పెయింటును అరగదీసే శక్తి) ఎక్కువ; వేడి, అదురు కూడా ఎక్కువే. అంచుల దగ్గర ఆ ఆగకపోవడమే నా భయం. రంగు మీది పారదర్శక పూత, అదే క్లియర్ కోటు, మందం దాదాపు తలవెంట్రుకంతే కదా.

మొదటిసారి పట్టేవాడికి ఏది మేలు? గేరుదానికి మెత్తటి ఫోమ్ ప్యాడు వేస్తే ప్రమాదం తగ్గుతుందా? లేక మొదటిదానికే మైక్రోఫైబర్ ప్యాడు వేస్తే కోత సరిపోతుందా? ప్యాడు అంటించే బ్యాకింగ్ ప్లేటు మీద మార్కరుతో గీత గీసి, తిరుగుతోందో లేదో చూసుకోవచ్చని విన్నాను, అది చాలా? అమ్మేవాళ్ల మాటలు చాలా విన్నాను, సొంత కారు మీద రుద్దినవాళ్లు చెప్పండి.