గెరిల్లానా, గొరిల్లానా?

ప్రశ్న: రంప తిరుగుబాటు మీద నిన్న చదివిన ఒక వ్యాసంలో అల్లూరి సీతారామరాజు ‘గొరిల్లా పోరాటం’ చేశాడని నాలుగు చోట్ల ఉంది. ఇది అచ్చుతప్పా, లేక రెండు రూపాలూ చెల్లుతాయా? అడవిలో దాగి పోరాడతారు కాబట్టి ఆ జంతువు పేరే పెట్టారని మా అన్నయ్య వాదన.

జవాబు: చెల్లవండి. గకారానికి ఎత్వమే, ఒత్వం కాదు. గొరిల్లాకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ప్రాచీన గ్రీకు రచనలో కనిపించిన మాటను 1847లో ఆ వానరానికి పేరుగా పెట్టారు. గెరిల్లా స్పానిష్ మాట. ‘గెర్రా’ అంటే యుద్ధం, చివర చేరిన ప్రత్యయం చిన్నదనాన్ని చెబుతుంది. మనం పిల్లకాలువ, పిల్లగాలి అన్నట్టే అది పిల్లయుద్ధం! స్పెయిన్‌లో ఇప్పుడు ఎక్కువమంది ‘గెర్రియా’ అని పలుకుతారు. మన ‘ల్లా’ ఇంగ్లీషు మీదుగా వచ్చింది.

మాట పాతదే అయినా, లోకమంతా పాకింది 1808-1814 యుద్ధంతోనే. నెపోలియన్ స్పెయిన్‌ను ఆక్రమించి తన అన్న జోసెఫ్‌ను గద్దెనెక్కించాడు. స్పెయిన్ సైన్యాలు ఓడిపోతున్నా రైతులు, మతగురువులు సైతం దళాలు కట్టి, కొండదారుల్లో మాటువేసి ఫ్రెంచి వార్తాహరులనూ సరుకు బండ్లనూ పట్టుకునేవారు.

ప్రశ్న: అయితే ‘గెరిల్లా యుద్ధం’ అంటే యుద్ధం రెండుసార్లు వచ్చినట్టు కాదా?

జవాబు: మూలాన్ని బట్టి అవును. కానీ తెలుగులో గెరిల్లా అంటే ఆ పద్ధతి, ఆ పోరాటయోధుడు కూడా. తెలంగాణ సాయుధ పోరాట కాలం నుంచీ ‘గెరిల్లా దళం’ మనకు ఇంటిమాటే. దాన్ని మార్చనక్కరలేదు.

నన్ను ఇంతకన్నా కదిలించిన మాట మరొకటి ఉంది. ఆ దళనాయకుల్లో హువాన్ మార్తిన్ దియెస్ అనే రైతుబిడ్డను ‘ఎంపెసినాదో’ అనేవారు. వాగులోని నల్లని బురదను బట్టి అతని ఊరివాళ్లకు ఉన్న ఎగతాళి పేరు అది. అతని మొండి పట్టుదల వల్ల ‘ఎంపెసినార్సే’ అనే క్రియ పుట్టింది, పట్టిన పట్టు విడవకపోవడం అని అర్థం. స్పానిష్ మాట్లాడేవారు ఈనాటికీ వాడతారు. అతను ఏ రాజు కోసం పోరాడాడో, ఆ ఫెర్నాందో ప్రభుత్వమే 1825లో అతన్ని ఉరితీసింది. కారణం, అతను రాజ్యాంగం పక్షాన నిలబడటం. అక్కడా పట్టు విడవలేదు.