జ్వరం వదిలిన వారానికే కొలెస్ట్రాల్ దిగింది, మాత్ర ఆపేయొచ్చా?

సరిత_ఖమ్మం: నాన్నకు 64 ఏళ్లు. ఇన్‌ఫ్లూయెంజా వచ్చి ఐదు రోజులు మంచం దిగలేదు. జ్వరం వదిలిన వారానికి రక్తపరీక్షలు చేయించాం. మూడు నెలల కిందట మొత్తం కొలెస్ట్రాల్ 180, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 108, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 42, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఇంకో రకం కొవ్వు) 150. ఇప్పుడు వరసగా 132, 60, 30, 210. సీఆర్‌పీ (ఒంట్లో ఇన్ఫెక్షన్ లాంటిది ఉంటే పెరిగే ప్రోటీన్) 42 ఉంది. మూడు నెలల కిందటే కొలెస్ట్రాల్ మాత్ర అటోర్వాస్టాటిన్ 10 నుంచి 20 మి.గ్రా.కి పెంచారు. "అరవైకి దిగింది, ఇంకెందుకు?" అని నాన్న మాత్రల స్ట్రిప్ ఫ్రిజ్ మీద పడేశారు. ఆపొచ్చా?

మూర్తి_కాకినాడ: రిపోర్టు చేతిలో ఉంది కదమ్మా. ఆపేయండి. ఒకసారి మొదలుపెడితే జన్మంతా మింగాలని ఎక్కడ రాసుంది?

రవి_హన్మకొండ: పరగడుపున ఇచ్చారా రక్తం?

ల్యాబ్_లక్ష్మి: సరితగారూ, ఆపకండి. నేను పదకొండేళ్లుగా ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. ఒళ్లు ఇన్ఫెక్షన్‌తో పోరాడేటప్పుడు కాలేయం పని తీరే మారిపోతుంది. సీఆర్‌పీలాంటివి ఎక్కువగా తయారుచేస్తుంది, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రెండూ పడిపోతాయి, ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి. కోవిడ్‌లోనూ ఇదే చూశాం, జబ్బు ముదిరినవాళ్లలో ఇంకా ఎక్కువ పడింది. కోలుకున్నాక మళ్లీ పైకి వస్తాయి. ఆరు వారాలు ఆగి మళ్లీ చేయించండి.

మూర్తి_కాకినాడ: మళ్లీ పరీక్ష! ల్యాబ్ వాళ్లు ఇంకేం చెబుతారు. డోసు పెంచారు కాబట్టి తగ్గింది, అంతే.

ల్యాబ్_లక్ష్మి: డోసు రెట్టింపు చేస్తే ఎల్‌డీఎల్ అదనంగా తగ్గేది సుమారు 6 శాతం. 108 నుంచి 60 అంటే 44 శాతం. పైగా మీ నాన్న వేసుకునే మాత్రలాంటి స్టాటిన్ మందు హెచ్‌డీఎల్‌ని 42 నుంచి 30కి పడేయదు, ట్రైగ్లిజరైడ్లు పెంచదు. ఆ రెండు అంకెలే జ్వరం జాడ. ఇంకొకటి, నా జీతం పరీక్షల లెక్కన రాదు మూర్తిగారూ.

రవి_హన్మకొండ: పరగడుపున కాకపోతే 210 లెక్కలోకి రాదు. అది చెప్పరేంది?

సరిత_ఖమ్మం: పరగడుపునే అండి. పన్నెండు గంటలు.

కిరణ్_నిజాంపేట్: ఫ్లూ తర్వాత గుండె సంగతి కూడా చూసుకోండి. కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2018లో వచ్చింది. ఫ్లూ నిర్ధారణ అయిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోటు ముప్పు సుమారు ఆరు రెట్లని తేలింది. ఈ సమయంలో మాత్ర మానడమా!

మూర్తి_కాకినాడ: భయపెట్టడం తప్ప మీకేం వచ్చు? మా ఆవిడ ఈ మాత్ర వేసుకుంటే పిక్కలు పట్టేసి రాత్రుళ్లు ఏడ్చేది. మెట్లెక్కడానికి గోడ పట్టుకునేది. ఆ డాక్టరు తలెత్తి చూడలేదు, "వయసు నొప్పులు, మాత్ర ఆపొద్దు" అన్నాడు. మూడుసార్లు వెళ్లాం. మూడుసార్లూ అదే మాట. మీరూ ఇక్కడ అదే మాటంటున్నారు, "ఆపకండి".

ల్యాబ్_లక్ష్మి: సీపీకే, అదే కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే రక్తపరీక్ష, చూశారా ఆవిడకి?

మూర్తి_కాకినాడ: ఎవరూ రాయలేదు. అడగాలని మాకు తెలీదు.

ల్యాబ్_లక్ష్మి: అది అన్యాయమే అండి. నొప్పులున్నాయంటే సీపీకే చూడాలి, డోసు తగ్గించాలో మందు మార్చాలో ఆలోచించాలి. నేను ఆపొద్దన్నది ఈ 60ని నమ్మి ఆపొద్దని. నొప్పి ఉన్నా నోరు మూసుకుని మింగమని కాదు.

మూర్తి_కాకినాడ: ఆ ముక్క మొదటే చెప్పాల్సింది. సరితమ్మా, మీ నాన్నని అడిగావా, ఎందుకు మానాలనుకుంటున్నారో? అంకె చూసేనా?

సరిత_ఖమ్మం: ఇప్పుడే అడిగాను అంకుల్. తొడలు బరువెక్కి లాగేస్తున్నాయట. రెండు నెలలుగా. "మళ్లీ ఆస్పత్రి అంటారని చెప్పలేదు" అన్నారు.

ల్యాబ్_లక్ష్మి: ఫ్లూలోనూ ఒళ్లునొప్పులుంటాయి, సీపీకే కూడా పెరగొచ్చు. కానీ రెండు నెలలంటే జ్వరానికి ముందునుంచే, డోసు పెంచాక. ఆ మాట డాక్టరుగారికి తేదీలతో సహా చెప్పండి. మూత్రం ముదురు రంగులో వస్తోందేమో ఇవాళే అడగండి, కండరాలు బాగా దెబ్బతింటే అలా వస్తుంది. అలా ఉంటే రేపటిదాకా ఆగొద్దు.

సరిత_ఖమ్మం: మామూలుగానే వస్తోందట. రేపు పొద్దున తీసుకెళ్తున్నాను.