అణువ్యర్థాన్ని సిమెంటులో కలిపి పోస్తే ఎన్నాళ్లు ఆగుతుంది?

ప్రశ్న – రెడీమిక్స్ క్వాలిటీ ఇంజనీర్, గుంటూరు:
అమెరికాలో సౌత్ కరోలినాలోని సవానా రివర్ సైట్‌లో, అణ్వాయుధాల తయారీలో మిగిలిన ఉప్పునీటి వ్యర్థాన్ని 1990 నుంచి గ్రౌట్‌గా (సిమెంటు లాంటి పొడులతో కలిపి గట్టిపడే ముద్దగా) పోస్తున్నారు. దాన్ని సాల్ట్‌స్టోన్ అంటారు. కాంక్రీటు చెమ్మ పీల్చడం, పగలడం నేను రోజూ చూస్తుంటాను. అలాంటిదాన్ని నమ్ముకుని వేల ఏళ్ల సంగతి ఎలా తేలుస్తారు?

జవాబు – గ్రౌట్ ల్యాబ్‌లో పనిచేసిన కెమిస్ట్:
మీ భయం సరైనదే, కానీ అక్కడ అసలు పని సిమెంటు చేయడం లేదు. వ్యర్థంతో కలిపే పాత పొడి మిశ్రమంలో సిమెంటు 10 శాతమే. స్లాగ్ (ఇనుము తీశాక మిగిలే చిట్టెం) 45, ఫ్లై యాష్ (బొగ్గు బూడిద) 45. వైజాగ్ స్టీల్ ప్లాంటు నుంచి సిమెంటు కంపెనీలకు వెళ్తుందే, అదే రకం స్లాగ్.

వ్యర్థంలోని సీజియం అనే రేడియోధార్మిక మూలకంలో చాలా భాగాన్ని ముందే వేరుచేసి, కరిగించిన గాజులో కలిపి గట్టిపరుస్తారు. సీజియం-137 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 30 ఏళ్లే. ఇక్కడ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది టెక్నీషియం-99 అనే మరో రేడియోధార్మిక పదార్థం. దాని అర్ధాయువు 2,11,000 ఏళ్లు. ఆక్సిజన్ ఉన్నచోట అది నీళ్లలో కరిగిపోయి, నీటితోపాటే కదిలిపోతుంది. స్లాగ్‌లోని సల్ఫైడు దాన్ని క్షయకరణం చేసి (ఆక్సీకరణకు వ్యతిరేక చర్య) కరగని రూపంలోకి మారుస్తుంది. మీరు చెప్పిన పగులు ఇక్కడే ప్రమాదం. పగులులోంచి గాలి చేరితే, ఆ మేర టెక్నీషియం మళ్లీ కరిగే రూపంలోకి వస్తుంది. బలం తగ్గడం కన్నా అదే నాకు పెద్ద సమస్య.

ఆ ఉప్పునీటిలో ఉండే నైట్రేటు లవణం సంగతి వేరు. దాన్ని పట్టే రసాయన బంధం ఏమీ ఉండదు. సన్నని రంధ్రాల గుండా మెల్లగా బయటికి రావాలి కాబట్టి ఆలస్యమవుతుంది, అంతే.

అందుకే క్యూబ్ బలం (నమూనా దిమ్మె ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో) చూసి తృప్తిపడకండి. లీచింగ్ పరీక్ష చూడండి. దిమ్మెను నీళ్లలో ఉంచి, నిర్ణీత వేళల్లో నీళ్లు మార్చి, ఎంత బయటికొచ్చిందో కొలుస్తారు. ఆ కొలత నుంచి లెక్కించే లీచింగ్ ఇండెక్స్ ఒక అంకె పెరిగితే, ఆ పదార్థం దిమ్మెలోంచి పాకే గుణకం (డిఫ్యూజివిటీ) పదోవంతుకు పడిపోయినట్టు. దేని ఇండెక్స్ దానిదే. టెక్నీషియానికి వచ్చిన అంకెను నైట్రేటుకు వాడకూడదు.

జవాబు – హాన్‌ఫర్డ్ దగ్గర ఉండే తెలుగాయన:
మా వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో కూడా అణ్వాయుధాల తయారీ వ్యర్థం ఉన్న 177 ట్యాంకులున్నాయి. ఇక్కడ తక్కువ రేడియోధార్మికత ఉన్న భాగాన్ని కూడా గాజు చేయాలా, గ్రౌట్ చేయాలా అని ఏళ్లుగా వాదన. 2017లో 3 గ్యాలన్ల వ్యర్థాన్ని గ్రౌట్ చేసి టెక్సస్‌కు పంపి చూశారు. నాకు ఆ దారి ఇష్టమే, కొలంబియా నది పక్కన పాతిపెట్టనంత వరకు.

ప్రశ్న అడిగినవారు:
పోసేటప్పుడు ముద్ద కుదురుకుంటూ పైకి తేలే బ్లీడ్ నీళ్లలోనూ రేడియోధార్మికత ఉంటుంది కదా, వాటినేం చేస్తారు?

కెమిస్ట్:
ఉంటుంది. తోడి వెనక్కి తీసుకెళ్లి మళ్లీ మిక్స్‌లోనే కలుపుతారు. బయటికి వదలరు. వేడి పెరగకుండా పొరలు పొరలుగా పోస్తారు, పగుళ్లు తగ్గడానికి అది చాలా అవసరం.