సత్యవేడు దగ్గర దొరికిన ఆకు ముద్ర: దీన్ని చూసి అప్పటి వాతావరణం చెప్పొచ్చా?

ఏడుకొండల_నీడ (ప్రశ్న):

తిరుపతిలో ఇంటర్ పిల్లల సైన్సు ప్రదర్శనకు రెండు రాళ్ళు పక్కన పెట్టాం. ఒకటి బేతంచెర్ల బండ ముక్క. లేత గోధుమ రంగు రాయి మీద అరచెయ్యంత నల్లటి ఫెర్న్ కొమ్మ, అచ్చం సిరాతో గీసినట్టు ఉంది. రెండోది సత్యవేడు దగ్గర రోడ్డు పనికి తవ్వి పోసిన మట్టికుప్పలోది. పసుపు కలిసిన తెలుపు బంకమట్టి పలక, మీద దువ్వెన పళ్ళలా రెండు పక్కలా చిట్టాకులున్న 6 సెంటీమీటర్ల రెమ్మ. ముట్టుకుంటే పొడి రాలుతోంది.

రెండూ శిలాజాలేనా? రెండోది మన తిరుమల కొండల్లోని పేరిత చెట్టుకి పూర్వీకుడు అంటున్నారు, నిజమేనా? ఆకు అంచుని బట్టి ఉష్ణోగ్రత లెక్కగట్టే సూత్రం ఒకటి ఉందట, దాన్ని ఇక్కడ వాడొచ్చా? పొడి రాలకుండా ఫెవికాల్ పూయమంటారా?

పలకరాయి:

ముందు ఫెవికాల్ డబ్బా మూసెయ్యండి. అందులో ఉండేది నీళ్ళే. బంకమట్టి ఆ నీటిని పీల్చి ఉబ్బుతుంది, ఆరేటప్పుడు జిగురు పొర ముడుచుకుంటూ ముద్రను కూడా పెళ్ళగా లేపుకొస్తుంది. కుళాయి కింద కడగడం కూడా వద్దు.

ఇక మొదటి రాయి. అది ఆకు కాదు, డెండ్రైట్. రాతి పొరల మధ్య సన్నని సందులోకి మాంగనీసు కలిసిన నీరు చేరి, ఆక్సైడ్‌గా పేరుకుంటూ కొమ్మలు కొమ్మలుగా పాకిన మరక. బేతంచెర్ల, కడప బండల మీద కొల్లలు. ఇళ్ళలో పరిచిన బండల మీదా కనిపిస్తాయి. ఆ సున్నపురాళ్ళు ప్రోటెరోజోయిక్ కాలానివి. నేల మీద మొక్కలు మొదలై సుమారు 47 కోట్ల ఏళ్ళు. అంతకు ఎంతో ముందు పేరుకున్న రాతిలో ఫెర్న్ ఎక్కణ్ణుంచి వస్తుంది? మన తిరుమల కొండలదీ ఇదే సంగతి. శిలాతోరణం ఉన్న క్వార్ట్‌జైట్ వయసు 150 కోట్ల ఏళ్ళకు పైమాటే, అందులో ఆకు కోసం వెతకడం దండగ. అంత పాత జీవం ఆనవాళ్ళే కావాలంటే కడప వైపు వేంపల్లె డోలమైట్ చూడండి. సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన స్ట్రొమటోలైట్లు ఉంటాయి, అడ్డంగా కోస్తే ఉల్లిపాయ కోసినట్టు కనిపిస్తాయి. అవి కూడా మొక్కలు కావు.

పిల్లల చేత తేల్చి చెప్పించాలంటే 10 రెట్ల లెన్సు ఇవ్వండి. ఆకైతే నడిమి ఈనె ఉంటుంది, దాన్నుంచి పక్క ఈనెలు ఒకే తీరులో, దాదాపు ఒకే కోణంలో చీలతాయి, చిట్టాకుకి అంచంటూ ఉంటుంది. డెండ్రైట్‌కి ఈ మూడూ ఉండవు. ఎక్కువగా రాతి పగులు నుంచో అంచు నుంచో మొదలై లోపలికి పాకుతుంది. ఇంకో పరీక్ష: మందుల షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక చుక్క నల్లటి మరక మీద, ఒక చుక్క పక్కనున్న ఖాళీ రాతి మీద వెయ్యండి. మరక మీద మాత్రమే గట్టిగా నురగ వస్తే అది మాంగనీసు ఆక్సైడ్. రెండు చోట్లా కొద్దికొద్దిగా బుడగలొస్తే రాతి మీద మురికో ఇనుమో ఉన్నట్టు, దాన్నిబట్టి ఏమీ తేల్చొద్దు. ఈ పరీక్ష బేతంచెర్ల రాతికే. రెండో రాతి మీద చుక్క కూడా వెయ్యకండి.

ఈనెలు_లెక్కపెట్టండి:

రెండోది మాత్రం మంచి ముక్క. సత్యవేడు పొరలు, పక్కన తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు పొరలు పాలార్ బేసిన్‌ (మట్టి, ఇసుక పేరుకున్న పల్లపు ప్రాంతం) లోవి, తొలి క్రెటేషియస్ కాలానివి. అంటే స్థూలంగా 10 నుంచి 14.5 కోట్ల ఏళ్ళ మధ్య. మీరు చెప్పిన దువ్వెన ఆకారానికి ముందుగా అనుమానించాల్సింది టైలోఫిల్లమ్ అనే శిలాజ ఆకు. తూర్పు తీరంలో ఈ వయసు పొరల్లోని మొక్కల సముదాయాన్ని కలిపి పిలిచేదే ఆ పేరుతో.

కానీ దువ్వెనలా ఉన్నదల్లా టైలోఫిల్లమ్ కాదు. చిట్టాకు మొదలు దగ్గర లెన్సు పెట్టి చూడండి. టైలోఫిల్లమ్‌లో చిట్టాకులు కాడ పక్కలకి కాకుండా పైభాగానికి అతుక్కుంటాయి, అందుకే పైనుంచి చూస్తే కాడ చాలావరకు కప్పబడి ఉంటుంది. ఈనెలు ఇంచుమించు సమాంతరంగా సాగుతాయి. చిట్టాకు మొదట్లో చెవి తమ్మెలా ఉబ్బి, ఈనెలు విసనకర్రలా విచ్చుకుంటే ఓటోజామైటిస్. ఈనెలు వలలా అల్లుకుంటే డిక్టియోజామైటిస్. మీ చేతిలో ఉన్నది ఆకు అడుగు వైపు ముద్ర అయితే కాడ మొత్తం బయటికి కనిపిస్తుంది, అది చూసి పొరపడే వాళ్ళే ఎక్కువ. అందుకే పలక చీలినప్పుడు రెండు సగాలూ దాచాలి. ఒక సగంలో లేని వివరం రెండో సగంలో ఉంటుంది. రెండింటికీ ఒకే నంబరు వేసి, పక్కన అ, ఆ అని రాయండి.

పేరిత సంగతి. శేషాచలం కొండలకే పరిమితమైన సైకస్ బెడ్డోమీ అది. దాని చిట్టాకుకి నడుమ ఒకే ఒక్క ఈనె, పక్క ఈనెలే ఉండవు. టైలోఫిల్లమ్ చిట్టాకులో ఈనెలు చాలా. ఈ ఒక్క తేడా చాలు. టైలోఫిల్లమ్ బెన్నెటిటేలిస్ అనే, పూర్తిగా అంతరించిన వేరే వర్గం ఆకు, పత్రరంధ్రాల నిర్మాణం కూడా వేరు. రెండూ చూపుకి దగ్గరగా ఉంటాయి గానీ ఒకటి ఇంకోదానికి తాత కాదు. పైగా ఇప్పుడు బతికున్న సైకడ్ (సైకస్, దాని బంధువుల వర్గం) జాతుల్లో ఎక్కువ భాగం గత కోటి పైచిలుకు ఏళ్ళలో విడివడినవే, డైనోసార్ల నాటి చెట్టు అని బోర్డు రాసి పెట్టకండి. పోలిక చూపడానికి ఆకు కావాలంటే నర్సరీలో పెంచిన సైకస్ ఆకు చాలు. పేరిత ఆకు కోసం అడవిలోకి వెళ్ళొద్దు. జాతీయ పార్కు హద్దుల్లో ఆకు తుంచినా రాయి ఎత్తినా నేరమే.

పొడి రాలడం గురించి. మొదట పలకను న్యూస్‌పేపర్లో చుట్టి నీడన కనీసం వారం ఆరనివ్వండి. ఎండలో పెడితే పైపొర ముందు ఎండి నెర్రెలిస్తుంది. తర్వాత పారలాయిడ్ బి-72 (అసిటోన్‌లో కరిగే అక్రిలిక్ జిగురు) గుళికలు 2 గ్రాములు 100 మిల్లీలీటర్ల అసిటోన్‌లో, మూత గట్టిగా బిగించిన గాజు సీసాలో వేసి ఒక రాత్రి కరగనివ్వండి. డ్రాపర్‌తో అంచుల నుంచి చుక్కచుక్కగా వదిలితే రాయే పీల్చుకుంటుంది. బ్రష్‌తో రుద్దితే ముద్ర పోతుంది. ఆరాక ఇంకా రాలుతుంటే 100 మిల్లీలీటర్లకి 5 గ్రాములు కలిపిన ద్రావణం ఒకసారి. మొదటే చిక్కగా పోస్తే లోపలికి దిగదు, పైన మెరిసే పొర కట్టి ఫోటోలో వెలుతురు కొడుతుంది. తెల్లగా పాలిపోయిందంటే రాతిలో తేమ ఉందన్నమాట. అసిటోన్ చుక్కలతో మళ్ళీ కరిగించొచ్చు, ఈ జిగురుతో ఉన్న సుఖం అదే. కిటికీలు తీసి ఉంచండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

ఫోటోలన్నీ జిగురు వెయ్యకముందే. గది చీకటి చేసి, టార్చిని రాతికి 10–15 డిగ్రీల వాలులో పక్కనుంచి పట్టి, నాలుగు దిక్కుల నుంచీ ఒక్కో ఫోటో తియ్యండి. పక్కన స్కేలు మర్చిపోవద్దు. ఫ్లాష్ వేస్తే ఈనెలన్నీ మాయం.

వేసవి_మేఘం:

అంచు సూత్రం మీ ఆకుకి పనికిరాదు. ఎందుకో చెప్తాను, పిల్లలకి అదే అసలు పాఠం.

సూత్రం ఇది: ఏడాది సగటు ఉష్ణోగ్రత = 1.14 + 30.6 × (నున్నటి అంచున్న జాతుల వాటా). వెచ్చని చోట్ల నున్నటి అంచు ఆకుల జాతులు ఎక్కువ, చల్లని చోట్ల రంపపు పళ్ళ అంచువి ఎక్కువ అని బెయిలీ, సిన్నాట్ అనే వృక్షశాస్త్రజ్ఞులు 1915లోనే గమనించారు. తూర్పు ఆసియా అడవుల మీద ఉల్ఫ్ అనే శాస్త్రవేత్త చేసిన కొలతల నుంచి ఈ అంకెలు వచ్చాయి. ఉదాహరణకి 25 జాతులుంటే, అందులో 20 నున్నటివైతే: 0.8 × 30.6 = 24.48, దానికి 1.14 కలిపితే 25.6 డిగ్రీలు. కానీ ఇది ద్విదళ బీజ పుష్పించే చెట్ల ఆకులకే. టైలోఫిల్లమ్ పుష్పించే మొక్కే కాదు. సత్యవేడు పొరల్లో ఉన్నది బెన్నెటిటేలిస్, ఫెర్న్‌లు, కోనిఫర్ (పైన్, దేవదారు వర్గం) రెమ్మలు. మామిడి చెట్టుకు కట్టిన లెక్కని కొబ్బరి చెట్టుకు కడితే ఎట్లా?

సరిపోయే చోట కూడా తప్పులు జరుగుతాయి. అందరూ చేసే తప్పు ఆకుల్ని లెక్కపెట్టడం, లెక్కపెట్టాల్సింది జాతుల్ని. ఒకే జాతివి వంద ఆకులున్నా ఒకటే. 20 జాతులకి తగ్గితే అంకె నమ్మొద్దు. అన్నీ కుదిరినా 2 డిగ్రీలకి తక్కువ తేడాతో చెప్పడం అత్యాశ. ఇంకోటి, వాగు ఒడ్డున పెరిగే చెట్లలో పళ్ళ అంచు ఆకులు మామూలు కంటే ఎక్కువ. శిలాజాలయ్యేది ఎక్కువగా ఆ ఆకులే. కాబట్టి జవాబు అసలు కంటే చల్లగా వస్తుంది.

మరి సత్యవేడు ముక్క ఏం చెప్తుంది? ఒంటరిగా ఏమీ చెప్పదు. తోడు ఏమున్నాయో చూడాలి. క్లాడోఫ్లెబిస్ లాంటి ఫెర్న్ రెమ్మలు చిరగకుండా ఉంటే అవి దగ్గర్లోనే పెరిగాయి, నేలలో తడి ఉంది. ఫెర్న్ ఆకు మెత్తన, నీటిలో దూరం కొట్టుకొస్తే తునకలైపోతుంది. బ్రాకిఫిల్లమ్, పాజియోఫిల్లమ్ లాంటి కోనిఫర్ రెమ్మలు గట్టివి, ఎంత దూరం నుంచైనా రావచ్చు. పొలుసుల్లాంటి వాటి ఆకులు చూసి కరువు నేల అనేయకండి. తీరంలో ఉప్పు తగిలే చోటా మొక్కలు అలాంటి ఆకులే వేస్తాయి. శ్రీపెరుంబుదూరు పొరల్లో అమ్మోనైట్లు (చుట్ట గుల్లల సముద్ర జీవులు) దొరికాయి, అంటే సముద్రం పక్కనే ఉంది. సత్యవేడులో గులకరాళ్ళు కలిసిన పొరలు ఉన్నాయి, అంత రాళ్ళని దొర్లించాలంటే నది జోరుగా పారాలి. అప్పటికి మన భూభాగం దక్షిణార్ధగోళంలో ఉందని కూడా పిల్లలకి గుర్తుచెయ్యండి. ఇవన్నీ కలిపితే తీరమైదానం, జోరు నదులు, తడి నేల అనగలం. ఇన్ని డిగ్రీలు అని అనలేం.

ఏడుకొండల_నీడ:

ధన్యవాదాలండీ. పత్రరంధ్రాలు లెక్కపెడితే అప్పటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ తెలుస్తుందని చదివాం. నెయిల్ పాలిష్ పూసి పొర లాగితే సరిపోతుందా?

ఈనెలు_లెక్కపెట్టండి:

మీ రాతి మీద వద్దు, ముద్ర ఊడి దాంతోపాటే వస్తుంది. అసలు లెక్కపెట్టడానికి అక్కడ ఏమన్నా మిగిలిందా అన్నది ముందు చూడాలి. నల్లటి బొగ్గు పొర ఉంటే దాంట్లో ఆకు పైపొర, అంటే అవభాసిని, మిగిలి ఉండే అవకాశం ఉంది. మీరు రాసిన పసుపు తెలుపు రంగుని బట్టి మీది ఉత్త ముద్ర. ఆకారం ఉంది, ఆకు లేదు. ఈ తీరపు పొరల్లో ఎక్కువగా ఇంతే.

బొగ్గు పొర ఉన్నా దాన్ని తేల్చే పని బడిలో చేసేది కాదు. నైట్రిక్ ఆమ్లం, పొటాషియం క్లోరేట్ కలిపి నానబెట్టి, తర్వాత పలచటి అమ్మోనియాలో ఉంచుతారు. ఆ మొదటి మిశ్రమం పేలే ప్రమాదం ఉన్నది. రాతిని కరిగించే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం అంతకంటే ఘోరం, ఎముక దాకా పోతుంది. ప్రయోగశాల వాళ్ళకి వదిలేయండి.

బతికున్న ఆకుతో అయితే నిక్షేపంగా చేయించొచ్చు. వేప, రావి ఏదైనా సరే, ఆకు అడుగున పారదర్శక నెయిల్ పాలిష్ పలచగా పూసి, 10–15 నిమిషాలు ఆరాక సెలోటేపుతో లాగి గాజు పలక మీద అతికించండి. 300 మైక్రాన్ల (0.3 మిల్లీమీటర్ల) భుజం ఉన్న చదరంలో 12 రంధ్రాలు, 138 మామూలు పైపొర కణాలు కనిపిస్తే: 12 ÷ (12 + 138) × 100 = 8. ఇది పత్రరంధ్ర సూచిక. ఉత్త సాంద్రత అయితే 12 ÷ 0.09, అంటే చదరపు మిల్లీమీటరుకి 133. రెంటిలో సూచికే మేలు. ఎండకి, నీటి కొరతకి కణాల సైజు మారి సాంద్రత అటూఇటూ అవుతుంది, సూచిక అంతగా కదలదు. పెద్ద ఈనె మీదా, అంచు దగ్గరా లెక్కపెట్టకండి. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే చాలా జాతుల్లో ఈ అంకె తగ్గుతుంది. హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలు దాచే చోట) ఉన్న చెట్ల ఆకులు చూసి, 200 ఏళ్ళలో సాంద్రత సుమారు 40 శాతం తగ్గిందని వుడ్‌వర్డ్ అనే శాస్త్రవేత్త 1987లో చూపించారు.

పలకరాయి:

ఒక్కటి మిగిలింది. లేబుల్ మీద ‘సత్యవేడు’ అని ఊరుకోకండి. ఫోన్లో అక్షాంశం, రేఖాంశం చూసి రాయండి, తేదీ వేయండి, ‘తవ్విపోసిన మట్టికుప్ప, పొరలో చూసింది కాదు’ అని తప్పకుండా చేర్చండి. ఆ గుంత గోడ ఇంకా పూడ్చకుండా ఉంటే, పనివాళ్ళ అనుమతి తీసుకుని, అంచుకి దూరంగా నిలబడి, స్కేలు పట్టి ఫోటో తియ్యండి. తెల్ల బంకమట్టి ఏ లోతులో ఉంది, పైనా కిందా గులకరాళ్ళా ఇసుకరాయా అన్నది అందులో తెలిసిపోతుంది. నంబరు రాతి వెనక వైపు వేయండి, ముద్ర వైపు కాదు. ముందు పారలాయిడ్ ఒక చుక్క, ఆరాక దాని మీద నల్ల ఇంకు. స్కెచ్ పెన్ను అయితే మట్టిలోకి ఇంకి ఆ పక్కకి తేలుతుంది.